నోటుబుక్కు నిండకున్నా చదువు నడుస్తది

బడి ఇడిసినంక ఇంటికొచ్చిన ఒకటో తరగతి పిల్లగాన్ని మన ఇండ్లల్ల అడిగే మొదటి ప్రశ్న "ఇయ్యాల ఎన్ని పేజీలు రాసినవ్ బిడ్డా?" అనే. "చింతగింజలు లెక్కవెట్టినం, పాట పాడినం, సారు కథ చెప్పిండు" అని పిల్లగాడు సంబురంగ చెప్తే అమ్మానాయినల మొకం చిన్నబోతది. బడిల ఆటలే తప్ప చదువు లేదని అనుకుంటరు. మరుసటేడు అప్పు జేసైనా ఫీజు కట్టి వేరే బడికి పంపేటోళ్లు ఎంతోమంది. అందుకే ఆ చింతగింజల వెనక, ఆ పాట వెనక ఏం నడుస్తదో తెలుసుకోవాలె.

ముందు చప్పట్ల ఆట చూద్దాం. టీచరమ్మ ఒక్కో పిల్ల పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తది. రాజు అంటే రెండు, కమల అంటే మూడు. మాటను ముక్కలు చేసి వినుడు పిల్లలకు గిట్లనే వస్తది. మన తెలుగుల శానా మటుకు ఒక చప్పట్కు ఒక అక్షరం. క, మ, ల అని చెవికి పట్టినంక బోర్డు మీద మూడు అక్షరాలు చూపిస్తే ఏ చప్పుడుకు ఏ గుర్తో పిల్లకు తెలుస్తది. ఆ ముచ్చట తెల్వకుండ "కమల" అని వందసార్లు రాసినా అది బొమ్మ గీసినట్టే. అట్ల రాసిన పిల్లను "ఇండ్ల 'మ' ఏది?" అని అడిగి చూడున్రి, దిక్కులు చూస్తది.

చింతగింజలు, పుల్లల సంగతి గూడ అంతే. "ఇరవై ఒకటి రాయి" అంటే శానామంది పిల్లలు 201 అని రాస్తరు. వాళ్లకు తెలివి లేక కాదు. చెవికి ఇనవడ్డది ఇనవడ్డట్టే రాస్తున్నరు, ముందు ఇరవై, పక్కన ఒకటి. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు ఏసి, రెండు కట్టలు, ఒక విడి పుల్ల ముందట పెట్టున్రి. 21ల రెండు అంటే రెండు కట్టలని పిల్లగానికి అప్పుడు సమజైతది. రేపు కూడికల్ల పది చేరితే పక్కకు ఎందుకు పోతదో, తీసివేతల్ల అప్పు ఎందుకు తెస్తమో ఈ కట్టలే చెప్తయ్.

ఇగ మట్టి పిసుకుడు, కాయితం చింపి అంటించుడు, పూసలు గుచ్చుడు. ఐదారేండ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగ గట్టిపడి ఉండయ్. ఏండ్లకు బలం రాకముందే పేజీలకు పేజీలు రాయిస్తే చెయ్యి గుంజుతది, రాతంటేనే భయం పుడుతది. ఈ పనులతోని ఏండ్లు పెన్సిల్‌కు తయారైతయ్.

బొమ్మ చూసి మాట్లాడే పీరియడు మీద మనోళ్లకు అసలు లెక్కే లేదు. బొమ్మ చూసి పిల్లగాడు "మక్కలు" అంటడు, పుస్తకంల "మొక్కజొన్న" అని ఉంటది. వాడు "అంగి" అంటే పుస్తకం "చొక్కా" అంటది. "తప్పు" అని కసిరితే మల్ల నోరు తెరువడు. మంచి టీచరు రెండు మాటలూ బోర్డు మీద రాసి, రెండూ ఒకటేనని చెప్తది. ఇంట్ల లంబాడీ, గోండి మాట్లాడే పిల్లకైతే ఈ మాటల పీరియడే బడిల అడుగువెట్టే గడప.

ఇది ఏ ఒక్క టీచరమ్మ సరదానో కాదు. కేంద్రం 2021ల నిపుణ్ భారత్ మొదలువెట్టింది. మన రాష్ట్రంల 2022ల తొలిమెట్టు వచ్చింది. నిపుణ్ లెక్క ప్రకారం ఒకటో తరగతి అయిపోయేసరికి పిల్ల నాలుగైదు చిన్న మాటలున్న కొత్త వాక్యం చదవాలె, 99 దాక అంకెలు చదివి రాయాలె. ఎన్ని పేజీలు నింపాలె అని అందుల యాడ లేదు.

అట్లని పాట పాడించి ఊకుంటే గూడ చదువు రాదు. పాటల మాటను బోర్డు మీదికి తేవాలె, గింజల లెక్కను పలక మీదికి తేవాలె. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదని ఒక్కొక్కర్ని చూసుకోవాలె. దానికి మనిషి కావాలె. అరవైమంది దాక పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తది. ఐదు తరగతులకు ఒక్క సారే ఉన్న బడిల ఒకటో తరగతోళ్లకు పుల్లల కట్టలు ఎవరు కట్టిస్తరు? వాళ్లకు "చూసి రాయున్రి" అని చెప్పి సారు ఐదో తరగతి దిక్కు పోవుడే అయితది. అప్పుడు పేజీలు నిండుతయ్, పిల్లలకు మాత్రం ఏమీ రాదు. మనం సర్కారును నిలదీయాల్సింది టీచర్ల కోసం.

ఇంట్ల మనం చేసే పని గూడ ఉంది. ఇయ్యాల పొద్దుగూకినంక పేజీలు లెక్కవెట్టకున్రి. "సారు చెప్పిన కథ నాకు చెప్పు" అనున్రి. బియ్యంల రాళ్లు ఏరుకుంట "ఎన్ని వచ్చినయ్?" అని అడుగున్రి. సబ్బు కవరు మీద అక్షరం చూపి "ఇది నీకెరుకేనా?" అనున్రి. పిల్లకు ఏమొచ్చిందో నోటుబుక్కు కంటే ఆ జవాబులే మంచిగ చెప్తయ్.