కొల్లేటి చేపకు లెక్క ఏదీ?

కైకలూరు: ఐసు పెట్టెలతో లారీలు బారులు తీరి వెళ్తుంటే చూసేవారికి కొల్లేటిలో చేపకు కొదవ లేదనిపిస్తుంది. కాని ఆ బొచ్చె, శీలావతి చాలావరకు చెరువుల్లో పిల్లను వదిలి, మేత వేసి పెంచినవి. సరస్సులో తనంతట తాను పుట్టి పెరిగే కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి, మట్టగిడస ఎంత మిగిలిందో లారీల లెక్క చెప్పదు.

1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సంప్రదాయ వేటకు మాత్రం అవకాశం ఉంది. మావులు, విసురు వలలు, తాటి దోనెలే ఆధారమైన లంక గ్రామాలవారికి సరస్సులో చేప ఎంతుందన్నది కూటి ప్రశ్న.

చేపలను లెక్కించడమంటే నీళ్లు తోడి ఎంచడం కాదు. మూసి ఉన్న చెరువులో 200 చేపలకు గుర్తు బిళ్లలు కట్టి వదలాలి. అవి మిగతా వాటితో కలిశాక మళ్లీ వల వేయాలి. పడిన 100 చేపల్లో 10కి బిళ్లలుంటే చెరువులో సుమారు 2,000 చేపలున్నట్లు అంచనా.

కొల్లేటిలో ఇది అంత సులువు కాదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు సముద్రానికి దారి. చేప వస్తూ పోతూ ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది మరో పద్ధతి. ఒకే కన్ను వల, ఒకే చోట, అన్నే గంటలు వేసి, ఏ జాతి ఎంత పడిందో, పొడవు, బరువు ఎంతో నెలనెలా రాసుకోవాలి. వేసవిలో నీరు తగ్గి చేప ఒకచోట చేరుతుంది. వల నిండినంత మాత్రాన చేప పెరిగినట్లు కాదు. అందుకే ఈ ఏటి మే నెలను నిరుటి మే నెలతోనే పోల్చాలి.

ఏటేటా పట్టు తగ్గి, చేప సైజు కూడా చిన్నదవుతుంటే పెరగకముందే పట్టేస్తున్నారని అనుమానించాలి. అప్పుడు వల కన్ను పెంచడమా, తొలకరిలో గుడ్లు పెట్టే చోట్ల వేట ఆపడమా అన్నది ఆలోచించవచ్చు. సైజు బాగానే ఉండి పిల్ల కనిపించకపోతే తప్పు వలది కాకపోవచ్చు. మురుగు, గుర్రపుడెక్క, ఎగదన్నే ఉప్పునీరు కారణమేమో చూడాలి.

లెక్క లేనప్పుడు నింద ముందుగా వేటగాడి మీదే పడుతుంది. దీనికి కావలసింది తక్కెడ, కొలబద్ద, పుస్తకం. మత్స్యశాఖ, అటవీశాఖ కలసి లంక గ్రామాల సంఘాల చేత ఈ లెక్క రాయించాలి. ఆంక్ష పెట్టేముందు ఆ పుస్తకాన్ని వారి ఎదుటే విప్పాలి.