నేను నీళ్లు పోసిన జూనిపర్

డెన్వర్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్తే నాకు తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. కాఫీ కలుపుకుని తాగినా ఇంకా ఎవరూ లేవరు. ఏం చేయను? గుంటూరులో ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే చేశాను. గొట్టం పట్టుకుని ఇంటిముందు మొక్కలకి నీళ్లు పోశాను. మెట్ల పక్కన చాప పరిచినట్టు పాకిన బూడిద నీలం పొద ఒకటుంది. ఆకు గరుగ్గా, ఎండిపోయినట్టు కనిపిస్తే జాలేసింది. దానికి రోజూ బకెట్‌కి తగ్గకుండా పోశాను. రెండో నెలకి కొమ్మలు గడ్డివాము రంగుకి తిరిగాయి. ఎండదెబ్బ అనుకుని రెండు బకెట్లు చేశాను.

స్కూలు బస్సు కోసం నిలబడ్డ మా మనవరాలు చూసి, "తాతయ్యా, అది జూనిపర్. దానికి ఎవరూ రోజూ నీళ్లు పోయరు" అంది. పదేళ్ల పిల్ల ముందు తెల్లమొహం వేశాను.

ఆ సాయంత్రం ఇద్దరం భూతద్దం పట్టుకుని పొద దగ్గర కూర్చున్నాం. మన ఇళ్లలో పెంచే థూజాకి ఇది పినతండ్రి బిడ్డ. లేతప్పుడు ఆకులు సూదుల్లా గుచ్చుకుంటాయి. ముదిరిన కొమ్మ మీద చేప పొలుసుల్లా ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి. నల్లద్రాక్ష మీద బూడిద పొర ఉంటుందే, అలాంటి మైనం ఈ ఆకుకీ ఉంటుంది. "బొటనవేలితో రుద్దు అమ్మడూ" అన్నాను. నీలం పోయి పచ్చదనం బయటపడింది. ఆకు చిన్నది, పైన మైనం. ఇక నీరు తేలిగ్గా ఎక్కడ ఆవిరవుతుంది?

అసలు కిటుకు కాండంలో ఉంది. చెట్టు నీళ్లు తాగేది కొబ్బరిబోండంలో స్ట్రా వేసి మనం పీల్చినట్టే. పైన ఆకు లాగితే కింద వేరు నుంచి నీటి తీగ సాగుతుంది. నేల ఎండేకొద్దీ గట్టిగా లాగాలి. ఒక హద్దు దాటితే గొట్టంలోకి గాలిబుడగ దూరి తీగ తెగుతుంది. జూనిపర్ గొట్టాలు చాలా సన్నం, గట్టివి కూడా. మిగతా చెట్లు చేతులెత్తేసినా ఇది లాగుతూనే ఉంటుంది. న్యూ మెక్సికోలో 2002, 2003లో ఘోరమైన కరువొచ్చినప్పుడు పక్కపక్కనే ఉన్న పిన్యోన్ పైన్లూ జూనిపర్లూ ఒకేలా బతకలేదు. పైన్ చెట్టు జాగ్రత్తపరురాలు. నీరు పోతుందని ఆకుల కిటికీలు మూసేసుకుంది. కిటికీ మూస్తే వంటా ఆగుతుంది. నీరసపడ్డ చెట్లని బెరడు పురుగులు కూడా పట్టాయి. కోట్లలో పోయాయి. కిటికీ తెరిచే ఉంచిన జూనిపర్లు ఎక్కువభాగం బతికాయి.

అలాంటి మొండిఘటాన్ని నేను బకెట్‌తో ఓడించాను! డెన్వర్‌లో వానా మంచూ కలిపి ఏడాదికి సగటున సుమారు 15 అంగుళాలే. అక్కడి బంకమట్టిలో నీరు నిలిస్తే వేరుకి గాలాడదు. ఊపిరాడని వేరుని ఫైటోఫ్తోరా అనే తెగులు పట్టేస్తుంది. మా మిరప రైతులు వేరుకుళ్లు అంటే చాలు, తల పట్టుకుంటారు. ఆ జాతి రోగమే ఇదీ. ఒక పక్క తవ్వి చూస్తే వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి.

కొత్తగా నాటినదానికి మొదటి ఏడాది రెండేళ్లు నీళ్లు కావాలి, అదీ వేలు మట్టిలోకి దించి పొడిగా ఉంటేనే. తర్వాత దాని మానాన దాన్ని వదలాలి. మంచు కురవని పొడి చలికాలంలో మాత్రం, నేల గడ్డకట్టని రోజు చూసి మధ్యాహ్నం పూట ఒకసారి బాగా తడపాలి.

ఎండిన కొమ్మలు కత్తిరిద్దామని మా అబ్బాయి కత్తెర పట్టుకొచ్చాడు. వేపని మోడు చేసినా చిగురేస్తుంది. ఇది అలా కాదు. పొదని విడదీసి చూస్తే లోపలంతా ఆకులేని గోధుమరంగు కట్టెలే. ఆ కట్టె దాకా కోశామా, ఆ బోడి అలాగే ఉండిపోతుంది. పచ్చ ఉన్నంతవరకే కోయాలి. అసలు కోసే పని పడకూడదంటే నాటేటప్పుడే చోటు వదలాలి. చిన్న కుండీలో ముద్దుగా కనిపించే ఈ పాకుడు రకం ఆరేడు అడుగులు పరుచుకుంటుంది.

దీని తగువులు కోర్టుకి కూడా ఎక్కాయని చెబితే మనవరాలు నమ్మలేదు. వర్జీనియా వైపు ఎర్ర సీడర్ అని పిలిచేది నిజానికి జూనిపరే. దాని మీద తుప్పు తెగులు చిన్న బుడిపెలా చలికాలం గడుపుతుంది. వసంతంలో వాన పడగానే బుడిపె నుంచి నారింజరంగు జెల్లీ కొమ్ములు మొలుస్తాయి. వాటి పొడి ఎగిరి ఆపిల్ ఆకుల మీద వాలుతుంది. వేసవి చివర్లో ఆపిల్ నుంచి మళ్లీ జూనిపర్ మీదకి. ఆపిల్ నుంచి ఆపిల్‌కి పోదు, ఇద్దరూ ఉంటేనే దాని కాపురం. జూనిపర్‌కి పెద్ద నష్టం లేదు, ఆపిల్ తోట మాత్రం దెబ్బతింటుంది. అందుకని వర్జీనియా 1914లో చట్టం చేసి తోటల దగ్గరి సీడర్లు నరికించింది. ఒక ఇంటాయన కోర్టుకెక్కితే, 1928లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే చెప్పింది. ఆయనకి దక్కింది నరుకుడు ఖర్చు కింద వంద డాలర్లు. పెరట్లో ఆపిల్ ఉన్నవాళ్లు ఈ మొక్క కొనేముందు ఆలోచించాలని నా మాట.

ఇంకో సంగతి. దీని నిండా నూనే కాబట్టి నిప్పంటితే భగ్గుమంటుంది. 2021 డిసెంబర్ 30న డెన్వర్ చుట్టుపక్కలే మార్షల్ అనే కార్చిచ్చులో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. చెక్క మెట్లకి ఆనుకుని ఈ పొద ఎందుకురా అని అబ్బాయిని గట్టిగానే అడిగాను.

నీళ్లు మానేశాక సగం పొద పోయింది, సగం నిలిచింది. నిలిచిన కొమ్మకి బఠానీ గింజంత గుండ్లు. పండ్లలా ఉంటాయి గానీ పండ్లు కావు. పైన్ కాయకుండే పొలుసులే కండపట్టి కలిసిపోతే ఇలా అవుతుంది. దగ్గరి చుట్టం గుండ్లతోనే జిన్ అనే సారాకి ఆ వాసన. మన ఆయుర్వేదం వాటినే హపుష అంటుంది. మనవరాలు ఒక పచ్చ గుండుని వేలితో తాకి, ఎప్పుడు నీలంగా మారుతుందని అడిగింది.

"రెండేళ్లు పడుతుంది" అన్నాను.

"నువ్విక్కడ ఉండేది ఆరు నెలలేగా తాతయ్యా!" అంది.