చేయి తడబడినా.. పటర్ ఆదుకుంటుంది!

ఫార్ములా బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది. అది ఎక్కడ పనిచేస్తోందో చెప్పగలిగితే ఉద్యోగం దగ్గరవుతుంది. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లోని ఒక చిన్న సూత్రం గోల్ఫ్ కర్ర రూపాన్నే మార్చేసింది. ఆ కథ ఇది.

‘మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే ఏంటి?’ మెకానికల్ విద్యార్థులకు ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్నే. చాలామంది టక్కున ఫార్ములా అప్పజెప్పేస్తారు. ‘సరే, దాన్ని బయట ఎక్కడైనా చూశారా?’ అని అడిగితేనే చిక్కు. ఫ్లైవీల్ అని ఒకరిద్దరు అంటారు. మిగతావాళ్లు పైకప్పు వైపు చూస్తారు. ఈ ప్రశ్నకు చక్కటి జవాబు గోల్ఫ్ బ్యాగులో ఉంది. దాని పేరు పటర్.

గోల్ఫ్‌లో బంతిని దూరం కొట్టడానికి రకరకాల కర్రలు వాడతారు. బంతి గ్రీన్ మీదకు, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదకు చేరాక పటర్ బయటికొస్తుంది. దాంతో బంతిని నేల మీదే దొర్లించి హోల్‌లో వేయాలి. ఇదే పటింగ్. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. ఇక్కడ కూడా మ్యాచ్‌లు చేజారుతుంటాయి.

ఒక్క డిగ్రీ తేడా

గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో ఆడినా, అమెరికాలోని అగస్టాలో ఆడినా హోల్ వ్యాసం ఒక్కటే.. 4.25 అంగుళాలు. బంతి 10 అడుగుల దూరంలో ఉందనుకోండి. పటర్ ముఖం సరైన దిశకు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే హోల్ దగ్గరకొచ్చేసరికి బంతి సుమారు 2.1 అంగుళాలు పక్కకు పోతుంది. హోల్ మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం 2.125 అంగుళాలు. అంటే ఒక్క డిగ్రీకే బంతి అంచు మీదకు వచ్చేసింది! అక్కడ్నుంచి పడుతుందో, తిరిగి బయటికొస్తుందో అదృష్టమే.

ఈ గురి ఎక్కడెక్కడ తప్పుతుంది? ముఖ్యంగా మూడు చోట్ల. బంతి పటర్ ముఖం మధ్యలో కాకుండా పక్కన తగలడం మొదటిది. బంతిని తాకే క్షణంలో పటర్ ముఖం వేరే దిక్కుకు తిరిగి ఉండటం రెండోది. గ్రీన్ వాలునూ, వేగాన్నీ తప్పుగా అంచనా వేయడం మూడోది. మొదటి రెండింటికీ డిజైనర్లు మందు కనిపెట్టారు. మూడోదానికి ఇప్పటికీ సాధనే మందు.

గ్యారేజీలో మొదలైంది

మొదటి తప్పును పట్టుకున్న వ్యక్తి కార్‌స్టన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టారు. పసితనంలోనే కుటుంబం అమెరికా వెళ్లింది. తండ్రిది చెప్పులు కుట్టే పని. సోల్‌హైమ్ ఇంజినీరింగ్‌లో చేరారు గానీ డబ్బుల్లేక చదువు మధ్యలోనే ఆపేశారు. కొన్నాళ్లు తనూ చెప్పుల పనే చేశారు. తర్వాత విమాన సంస్థల్లో పనిచేస్తూ ఇంజినీరింగ్ నేర్చుకుని, జనరల్ ఎలక్ట్రిక్‌లో కుదురుకున్నారు. తోటి ఉద్యోగుల పిలుపుతో గోల్ఫ్ మొదలుపెట్టేసరికి ఆయన వయసు 42.

పటింగ్ దగ్గర ఆయనకూ అందరిలాగే కష్టమైంది. అయితే ‘నాకు ఆట రాదు’ అని ఊరుకోలేదు, ‘ఈ పనిముట్టులో లోపం ఏంటి?’ అని ఆలోచించారు. అప్పటి పటర్లు ఎక్కువగా సన్నటి ఇనుప పలకల్లా ఉండేవి. బరువంతా మధ్యలో పోగుపడేది. బంతి కాస్త చివర్లో తగిలితే చాలు, పటర్ తల చేతిలోనే మెలి తిరిగేది. దాంతో బంతి దిశ మారేది, వేగమూ తగ్గేది.

బరువును మధ్యలోంచి తీసి రెండు చివర్లకు పంచితే? ఇదీ ఆయన ఆలోచన. పంచదార బిళ్లలు, ఐస్‌ఫ్రూట్ పుల్లలతో మొదటి నమూనా చేసుకున్నారని చెబుతారు. 1959లో ఇంటి గ్యారేజీలోనే ‘పింగ్ 1ఏ’ పటర్ తయారైంది. బంతికి తగిలినప్పుడు ‘పింగ్’మని మోగడంతో ఆ పేరు పెట్టారు. తర్వాత కంపెనీకీ అదే పేరైంది.

మీరే చేసి చూడండి

ఇందులోని సూత్రం అర్థం కావాలంటే ల్యాబ్ అక్కర్లేదు. ఒక 30 సెంటీమీటర్ల స్కేలు, రెండు అయిదు రూపాయల బిళ్లలు, కాస్త టేపు చాలు. స్కేలును సరిగ్గా మధ్యలో రెండు వేళ్లతో పట్టుకోండి. బిళ్లల్ని వేళ్లకు అటూ ఇటూ దగ్గరగా అంటించి, స్కేలును గబగబా అటూ ఇటూ తిప్పండి. తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పుడు అవే బిళ్లల్ని రెండు చివర్లకు అంటించి మళ్లీ తిప్పండి. స్కేలు మొరాయిస్తుంది. బరువు పెరగలేదు, ఉన్నచోటు మారిందంతే.

లెక్కలో చూద్దాం. మొమెంట్ ఆఫ్ ఇనర్షియాలో దూరం వర్గమవుతుంది. 175 గ్రాముల ముద్దలు రెండు, మధ్య నుంచి చెరో 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే విలువ సుమారు 2,190. అవే 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 8,750 గ్రాము-చదరపు సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే మెలి తిరగకుండా ఆపే గుణం నాలుగు రెట్లయింది! బంతి కాస్త పక్కన తగిలినా పటర్ తల పెద్దగా చలించదు. గోల్ఫర్లు దీన్ని ‘ఫర్‌గివ్‌నెస్’ అంటారు. తప్పును క్షమించే గుణమన్నమాట.

1966లో సోల్‌హైమ్ మరో డిజైన్‌ను గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీశారు. దానికి ‘ఆన్సర్’ అని పేరు పెడదామన్నారు ఆయన భార్య లూయీస్. పటర్ మీద అన్ని అక్షరాలు పట్టకపోతే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తీసేయమన్నదీ ఆవిడే. 1967లో జూలియస్ బోరోస్ ఆ పటర్‌తో ఫీనిక్స్ ఓపెన్ గెలిచారు. అదే ఏడాది సోల్‌హైమ్ ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తిగా గోల్ఫ్ కర్రల తయారీలోకి దిగారు. ఆన్సర్ ఆకారం ఇప్పటికీ ఎన్నో కంపెనీలకు మాదిరి. టైగర్ వుడ్స్ 15 మేజర్ టైటిళ్లలో 14 గెలిచిన స్కాటీ కామెరాన్ పటరూ ఆ తరహాదే.

ఆ తర్వాత ఏం మారింది?

బరువును ఇంకా దూరంగా జరపాలంటే తల పెద్దదవ్వాలి. అలా వచ్చినవే వెడల్పాటి ‘మ్యాలెట్’ పటర్లు. తేలికపాటి అల్యూమినియంతో తల చేసి, మూలల్లో స్టీలు లేదా టంగ్‌స్టన్ బరువులు పెడతారు. ఎంత పెద్దదైనా చేసేయొచ్చా అంటే కుదరదు. నిబంధనల ప్రకారం తల పొడవు 7 అంగుళాలు దాటకూడదు, వెడల్పు పొడవుకన్నా తక్కువే ఉండాలి. డిజైనర్ పనితనం ఈ హద్దుల్లోనే తెలుస్తుంది.

పటర్ ముఖం మీదా పని జరిగింది. కొన్నింటిలో గాడులు మధ్యలో లోతుగా, అంచుల వైపు తక్కువ లోతుతో ఉంటాయి. బంతి ఎక్కడ తగిలినా వేగంలో తేడా తక్కువగా ఉండాలని ఈ ఏర్పాటు.

రెండో తప్పు.. దిశ. ఇందులో సగం చేతిది, సగం కంటిది. కంటికి సాయంగా తల మీద గీతలు గీశారు. నాసాలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త డేవ్ పెల్జ్ ఇంకో అడుగు ముందుకేసి, బంతి వెనక బంతుల్లాంటి గుండ్రటి గుర్తులు ఉంటే గురి సులువవుతుందన్నారు. ఆ ఆలోచనతోనే ఒడిస్సీ ‘2-బాల్’ పటర్ వచ్చింది.

చేతికి సాయం కాస్త కష్టమైన లెక్క. మామూలు పటర్‌లో గరిమనాభి, అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, కర్ర గీతకు పక్కన ఉంటుంది. అందుకే ఊపేటప్పుడు ముఖం తనంతట తాను తెరుచుకోవాలని చూస్తుంది. చేతులు దాన్ని సరిచేస్తూ ఉండాలి. ఒత్తిడిలో అక్కడే తేడా వస్తుంది. కర్ర గీత గరిమనాభి గుండా పోయేలా చేస్తే ఆ మెలి దాదాపు ఉండదు. వీటిని ‘జీరో టార్క్’ పటర్లు అంటున్నారు. 2025 యూఎస్ ఓపెన్ చివరి హోల్‌లో 64 అడుగుల పట్‌తో టైటిల్ అందుకున్న జేజే స్పాన్ చేతిలో ఉన్నది ఈ రకమే.

క్షమిస్తుంది.. కానీ ఆడదు

2024 మార్చిలో స్కాటీ షెఫ్లర్ సన్నటి బ్లేడ్ పటర్ వదిలి మ్యాలెట్ పట్టారు. అప్పటికే ఆయన ప్రపంచ నంబర్ వన్. పటింగే ఆయన బలహీనత అని అందరూ అంటున్న రోజులవి. కొత్త పటర్‌తో ఆడిన మొదటి టోర్నీలోనే గెలిచారు. తర్వాతి నెలలో మాస్టర్స్ కూడా ఆయనదే. అలాగని గెలుపంతా పటర్‌దే అనలేం. మిగతా ఆటలో ఆయన ముందే అందరికన్నా మెరుగ్గా ఉన్నారు. వాలు చదవడం, ఎంత బలంగా కొట్టాలో తేల్చుకోవడం ఏ పటరూ నేర్పదు. మంచి డిజైన్ తప్పు జరగకుండా ఆపలేదు, తప్పుకు చెల్లించే మూల్యాన్ని తగ్గిస్తుంది. పటర్‌కే కాదు.. బైక్‌లోని ఏబీఎస్‌కూ, ఫోన్‌లోని ‘అన్‌డూ’కూ ఇదే వర్తిస్తుంది.

మీరేం చేయొచ్చు?

* చిన్న ప్రాజెక్టు: సాలిడ్‌వర్క్స్ లేదా ఫ్యూజన్‌లో ఒకే బరువున్న రెండు పటర్ తలలు గీయండి. ఒకదానిలో బరువు మధ్యలో, మరోదానిలో చివర్లలో ఉండాలి. ఇనర్షియా విలువలు సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. వీలైతే 3డీ ప్రింట్ తీసి, బంతిని పక్కగా తగిలించి తేడా కొలవండి. సబ్‌స్క్రిప్షన్ ప్రాజెక్టులు కొని పెట్టుకోవడం కన్నా ఇది రెజ్యుమేలో ఎంతో మేలు.
* నైపుణ్యాలు: క్యాడ్‌తో పాటు ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్, సీఎన్‌సీ మిల్లింగ్, మెటీరియల్స్‌పై పట్టు పెంచుకోండి. క్రీడా పరికరాల్లోనే కాదు.. ఆటోమొబైల్, వైద్య పరికరాలు, గృహోపకరణాల సంస్థల్లోనూ ఇవి పనికొస్తాయి.
* పైచదువు: ప్రొడక్ట్ డిజైన్ మీద ఆసక్తి ఉంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ రాసి, ఐఐటీ హైదరాబాద్ సహా పలు సంస్థల్లో ఎం.డిజైన్‌కు ప్రయత్నించవచ్చు. ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష మరో దారి.
* ఇంటర్వ్యూలో: సమస్య ఏంటి, తప్పు ఎక్కడ పుడుతోంది, ఏ సూత్రం దాన్ని తగ్గించింది, హద్దులేంటి.. ఈ వరసలో చెప్పండి.

సోల్‌హైమ్ చేతిలో డిగ్రీ లేదు. నచ్చని పనిముట్టును పట్టుకుని ‘ఎందుకిలా ఉంది?’ అని అడిగే అలవాటు మాత్రం ఉంది. మీ గదిలో కూడా సరిగ్గా పనిచేయని వస్తువు ఒకటైనా ఉండే ఉంటుంది. ఈసారి దాన్ని తిట్టుకునే ముందు, బరువు ఎక్కడుందో ఒకసారి చూడండి.