పాత వాహనం వెనుక ఇరుసు: విప్పే వరుసలోనే భద్రత

న్యూఢిల్లీ: జియా సరాయ్ గదుల్లో గేట్ పరీక్షకు చదివే ఇంజినీరింగ్ పట్టభద్రులకు వెనుక ఇరుసు పుస్తకంలోని ఒక పటం. అదే నగరంలోని మాయాపురి తుక్కు బజారులో అది ఒక్కరు ఎత్తలేని ఇనుప బరువు.

వెనుక చక్రాలతో నడిచే జీపు, పాత వ్యాను వంటి వాహనాల్లో డిఫరెన్షియల్ ఇరుసులోనే ఇమిడి ఉంటుంది. వాహనపు వెనుక భారం కమాను పట్టీల ద్వారా ఇరుసుపైనే ఆనుతుంది. కనుక దానిని విప్పడమంటే వాహనానికి ఉన్న ఆధారాన్ని తొలగించడమే.

అందుకే ముందుగా సమతల నేలపై ముందు చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాలి. వాహనాన్ని లేపి, ఛాసిస్ కింద రెండువైపులా దృఢమైన స్టాండ్లు అమర్చాలి. కేవలం జాకీని నమ్మి కిందికి దూరరాదు; సీలు కారితే జాకీ దిగిపోతుంది. రెండో జాకీతో ఇరుసును ఆపి, చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు తీగ, షాక్ అబ్జార్బర్లు వేరుచేయాలి. యూ బోల్టులు చిట్టచివర విప్పి, ఇరుసును నెమ్మదిగా దించాలి.

తుప్పుపట్టిన బోల్టులను గ్యాస్ కట్టరుతో కోయడం పరిపాటి. అయితే ఇంధన ట్యాంకు తరచు సమీపంలోనే ఉంటుంది. ఖాళీ ట్యాంకులోని పెట్రోలు ఆవిరి సైతం పేలగలదు. కోతకు ముందే ట్యాంకును తొలగించడం తప్పనిసరి.

కొనేవారు గేరు నిష్పత్తి తమ వాహనానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. గేరు ఆయిల్‌లో లోహపు రజను కనిపిస్తే ఆ ఇరుసును వదిలివేయడమే మేలు.