తోడేలు మనిషి చిత్రాల్లో వేషకల్పన: భయానక, హాస్యాల పొత్తు

కీలకపదాలు: వికృతవేషం, భయానకం, హాస్యం, భిన్నాశ్రయత్వం, పోతరాజు

1. ఉపోద్ఘాతం

ఆషాఢ బోనాల వేళ హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడ మహంకాళి ఆలయ పరిసరాల్లో పోతరాజులు ఒంటినిండా పసుపుతో, నడుముకు వేపమండలతో, చేత కొరడాతో వీరంగం వేస్తారు. కొరడా తనవైపు తిరిగినప్పుడు పిల్లవాడు బెదిరి పరుగెత్తుతాడు, పక్కనున్నవారు నవ్వుతారు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు భయానకాన్ని హాస్యానికి విరోధిరసంగా పేర్కొన్నాడు. అలాంటప్పుడు తోడేలు మనిషి చిత్రాల్లో ఈ రెండూ ఒకే దృశ్యంలో ఎలా పొసగుతున్నాయన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. వికృతి - ఉమ్మడి విభావం

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు వికృత వేషాలంకారాలను హాస్యానికి, వికృత ధ్వనులను, భూతాది దర్శనాన్ని భయానకానికి విభావాలుగా చెప్పాడు. రెండింటికీ పునాది వికృతే. జాన్ లాండిస్ చిత్రం ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ (1981) ఈ పునాదిపైనే నిలిచింది. రిక్ బేకర్ యంత్రాలతో సాగే నకిలీ అవయవాలు తయారుచేశాడు. వెంట్రుకలను తోలులోపలికి లాగుతూ చిత్రీకరించి, ఆ దృశ్యాన్ని వెనక్కి నడిపితే అవి మొలుస్తున్నట్లు కనిపించాయి. చీకటి చాటు లేకుండా, దీపాలు వెలుగుతున్న గదిలోనే ఈ రూపాంతరం జరుగుతుంది. మేకప్‌కు శాశ్వత విభాగంగా ఇచ్చిన తొలి ఆస్కార్ ఈ చిత్రానికే దక్కింది.

3. హాస్యానికి వేరొక ఆశ్రయం

ఎముకలు సాగుతూ డేవిడ్ విలవిలలాడుతుంటే నేపథ్యంలో ‘బ్లూ మూన్’ పాట మృదువుగా సాగుతుంది. నడుమ ఒక మిక్కీమౌస్ బొమ్మ కనబడుతుంది. చనిపోయిన మిత్రుడు జాక్ మరింత కుళ్లిన దేహంతో వచ్చినప్పుడల్లా ఛలోక్తులు విసురుతాడు. బాధ డేవిడ్‌ది; నవ్వు పాటది, బొమ్మది, జాక్‌ది.

అంతకు ఏడాది ముందు వచ్చిన తెలుగు చిత్రం ‘పున్నమి నాగు’ (1980)లో చిరంజీవి పాత్ర ఒంటి చర్మాన్ని ఊడబెరుక్కుంటుంది. ఇక్కడా వికృతి ఉంది. కాని పక్కన నవ్వుకు ఆశ్రయమిచ్చే వస్తువేదీ లేదు. అందుచేత ఆ దృశ్యం బీభత్స కరుణాలవైపు సాగుతుంది.

4. ముగింపు

ఏకాశ్రయంలో విరోధించే రసాలను భిన్నాశ్రయాల్లో నిలిపితే విరోధం తొలగుతుందని ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు సూచించాడు. తోడేలు మనిషి చిత్రం పాటించింది ఈ మార్గాన్నే. కనుక వేషం ఎంత వికృతమైనా, దానంతట అదే నవ్వు పుట్టించదు. పక్కన నిలిపినదే రసాన్ని నిర్ణయిస్తుంది. ఉప్పుగూడ వీధిలోనూ అంతే: భయం పరుగెత్తే పిల్లవాడిది, నవ్వు చూసేవారిది.