తన పాట తానే పాడుకున్న భానుమతి

భానుమతి అనగానే ఇవాళ్టి కుర్రకారుకి 'ఫిదా' (2017)లో సాయిపల్లవి గుర్తొస్తుంది. తప్పేం లేదు. అయితే ఆ పేరుకి మన చిత్రసీమలో అంతకు ముందే ఒక అసలు హక్కుదారు ఉన్నారు. పట్టుదలలో, మాట విసురులో, ఎవరికీ తల వంచని తత్త్వంలో ఆవిడ ముందు ఏ కథానాయిక అయినా దిగదుడుపే! ఆవిడే పి. భానుమతి. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు, సంగీత దర్శకురాలు, రచయిత్రి. ఇన్ని పనులు ఒక్క మనిషి చేసిందంటే ఇప్పటివాళ్లకి నమ్మబుద్ధి కాదు. చేసింది మాత్రం నిజం.

ప్రకాశం జిల్లా ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆవిడ పుట్టిన ఊరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి శాస్త్రీయంగా పాట నేర్పించారు. ఆ పాటే అమ్మాయిని సినిమాకి తీసుకెళ్లింది. సి. పుల్లయ్యగారు కాళ్లకూరి నారాయణరావుగారి నాటకాన్ని 'వరవిక్రయం' (1939)గా తీసినప్పుడు, కట్నం కోసం తండ్రి పడే బాధ చూడలేక ప్రాణం తీసుకునే కాళింది వేషం ఈ అమ్మాయికి దక్కింది. అప్పటికి ఆమెకు పట్టుమని పదిహేనేళ్లు లేవు. హీరో తన కూతుర్ని తాకకూడదని తండ్రి షరతు పెట్టారని చెబుతారు. నవ్వు రావచ్చుగానీ, ఆడపిల్ల సినిమాల్లోకి వెళ్లడమంటే ఊరు ఊరంతా చెవులు కొరుక్కునే రోజులవి!

'మాలతీమాధవం', 'ధర్మపత్ని' వంటి చిత్రాల తర్వాత 'కృష్ణప్రేమ' (1943) వచ్చింది. ఆ సెట్టు మీదే సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావుగారితో పరిచయం, అదే ఏడు పెళ్లి. పెళ్లయ్యాక ఇక సినిమాలు వద్దనుకుని ఇల్లు చక్కబెట్టుకుందామనుకున్నారు భానుమతి. అక్కడే కథ ముగిసిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు. కానీ బి.ఎన్. రెడ్డిగారు ఊరుకోలేదు.

పావురం ఎగిరింది!

వాహినీవారి 'స్వర్గసీమ' (1945). నాగయ్యగారు పత్రికా సంపాదకుడు, బి. జయమ్మ ఇల్లాలు. ఆ కాపురంలోకి వీధుల్లో ఆడిపాడుకునే పిల్ల ఒకతె వచ్చి, రంగస్థల తార సుజాతగా మారి, సంపాదకుడిగారి మతి పోగొడుతుంది. మొన్నటిదాకా అణకువగల పిల్లగా కనిపించిన భానుమతి ఈ వేషంలో కళ్లెగరేసి పావురం పాట పాడేసరికి ఆంధ్రదేశం అదిరిపడింది. ఆ పాట వెనక హాలీవుడ్ చిత్రం 'బ్లడ్ అండ్ శాండ్'లో రీటా హేవర్త్ మీద తీసిన పాట ఉంది. బాణీకి ప్రేరణ పరాయిదైనా మధ్యమధ్య ఆ నవ్వు, ఆ దీర్ఘం, ఆ చిలిపితనం మాత్రం పూర్తిగా ఆవిడవే. అన్నట్టు, ఘంటసాల సినిమాల్లో మొట్టమొదట గొంతు వినిపించింది కూడా 'స్వర్గసీమ'లోనే, ఈవిడ పక్కనే.

ఇక్కడ యువ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. తొలి రోజుల్లో పాట వచ్చినవాళ్లకే ప్రధాన వేషాలు. కన్నాంబ, ఋష్యేంద్రమణి, టంగుటూరి సూర్యకుమారి, ఎస్. వరలక్ష్మి... అందరూ తమ పాట తామే పాడుకున్నవాళ్లు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయింది. లీల, జిక్కి, సుశీల వంటి మహా గాయనులు మనకి దక్కింది ఆ పద్ధతివల్లే కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. కానీ పాడే తారలు ఒక్కొక్కరే పక్కకి జరిగిపోతుంటే, గొంతు అప్పు తెచ్చుకోకుండా అగ్రతారగా నిలబడ్డది భానుమతి ఒక్కరే అనిపిస్తుంది నాకు. తన మీద తీసే పాట తానే పాడాలి. ఆ పట్టు ఆవిడ సడలించలేదు.

ఆ పట్టు వల్ల ఏం ఒరిగిందో తెలియాలంటే 'మల్లీశ్వరి' (1951) చూడాలి. బి.ఎన్. దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి తొలి సినిమా రచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. రాయలవారి కాలం. బావా మరదళ్లయిన నాగరాజు, మల్లి సరదాగా అన్న ఒక్కమాట రాణివాసపు పల్లకీ అయి ఇంటి ముందు దిగుతుంది. నాగరాజు ఎన్.టి. రామారావు, ఆయన గొంతు ఘంటసాల. మల్లికి మాత్రం గొంతూ మనిషీ ఒక్కటే. కాస్త కళ్లు మూసుకుని వినండి. మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో అతుకు కనిపించదు. పల్లెలో ఉన్నప్పటి మల్లి గొంతు వేరు, అంతఃపురంలో చిక్కిన మల్లి గొంతు వేరు. స్వరంలో తేడా లేదు, ఊపిరిలో ఉంది తేడా. ఎంత గొప్ప నేపథ్యగాయని అయినా ఇంకొకరి ముఖానికి అంత దగ్గరగా ఊపిరి పీల్చడం కష్టం. ఈ చిత్రం చైనాలోనూ ఆడింది.

ఈలోగా భార్యాభర్తలిద్దరూ కొడుకు భరణి పేరుతో సంస్థ పెట్టారు. మద్రాసులో భరణీ స్టూడియో కూడా వెలిసింది. 'రత్నమాల', 'లైలా మజ్ను' (1949), 'ప్రేమ' (1952), 'విప్రనారాయణ' (1954), శరత్ నవల ఆధారంగా 'బాటసారి' (1961)... అన్నిటికీ రామకృష్ణారావుగారే దర్శకులు. 'విప్రనారాయణ'లో భక్తుడైన నాగేశ్వరరావుని వలలో వేసుకునే దేవదేవిగా భానుమతిని చూసినవాళ్లు అంత తొందరగా మరిచిపోరు. ఆ చిత్రానికి కేంద్ర ప్రభుత్వ పురస్కారమూ వచ్చింది.

వీటి మధ్య 1953లో ఆవిడే మెగాఫోన్ పట్టారు. 'చండీరాణి'! తెలుగులో తొలి మహిళా దర్శకురాలన్న పేరు దాంతోనే. అదీ ఎలా? తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ, పైగా తాను ద్విపాత్రాభినయం చేస్తూ! హీరో రామారావు. మహిళా దర్శకుల్ని ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టే పరిశ్రమ మనది. డెబ్బయ్యేళ్ల కిందట ఒక నటి ఈ పని చేసిందంటే దాని బరువు ఎంతో మీరే ఊహించుకోండి.

పోయిన వేషాలు

సరే, 'మిస్సమ్మ' సంగతి రాకుండా భానుమతి కథ అవదు. విజయావారు ఆ చిత్రం మొదలుపెట్టింది భానుమతితోనే. కొన్ని రీళ్లు తీశారు కూడా. ఒకరోజు ఇంట్లో వ్రతం ఉండి ఆవిడ ఆలస్యంగా వచ్చారని, చక్రపాణిగారు క్షమాపణ పత్రం అడిగారని, ఆవిడ ససేమిరా అన్నారని, తీసిన రీళ్లు ఆయన తగలబెట్టించారని పరిశ్రమలో చెప్పుకుంటారు. లోపల ఏం జరిగినా ఫలితం మాత్రం అందరికీ తెలుసు. రెండో నాయికగా ఉండాల్సిన సావిత్రి మేరీ అయింది, ఆ రెండో వేషం జమునకి వెళ్లింది, 1955లో 'మిస్సమ్మ' చరిత్ర సృష్టించింది. 'మహానటి' (2018) చూసి సావిత్రికి అభిమానులైనవాళ్లు ఈ తగాదాకి కూడా ఒక దండం పెట్టుకోవాలేమో! తన వేషం పోవడంవల్ల ఒక గొప్ప నటి వెలుగులోకి వచ్చిందని భానుమతే తర్వాత సంతోషించారని చెబుతారు.

తమిళంలోనూ ఇలాంటిదే ఒకటి. అక్కడ ఆవిడ స్థానం తక్కువదేం కాదు. 'నల్లతంబి' (1949) రాసిన అణ్ణాదురై ఆవిడని నటనకే వ్యాకరణమని మెచ్చుకున్నారు. ఎం.జి.ఆర్.తో 'మలైక్కళ్ళన్', 'మదురై వీరన్', 'అలీబాబా' అన్నీ విజయాలే. కానీ ఎం.జి.ఆర్. తొలిసారి దర్శకత్వం వహించిన 'నాడోడి మన్నన్' (1958)లో అభిప్రాయభేదాలు వచ్చి మధ్యలో తప్పుకున్నారు. ఆ పాత్ర సగంలోనే చనిపోయేట్టు కథ మార్చుకున్నారు. మిగతా సగానికి బి. సరోజాదేవి నాయిక. సరోజాదేవి దశ తిరిగింది. చూశారా, ఈవిడ వదిలేసిన చోటల్లా ఒక కొత్త తార పుట్టుకొచ్చింది!

దీన్నంతా 'అహంకారం' అన్నారు అప్పటివాళ్లు. నా మటుకు నాకు ఆ మాట సగమే ఒప్పు అనిపిస్తుంది. సెట్టులో పట్టుదల చూపిన మగ నటుడిని 'క్రమశిక్షణ గలవాడు' అనీ, ఆడ నటిని 'పొగరుబోతు' అనీ అనడం మన పరిశ్రమకి పాత అలవాటు. అలాగని ఆవిడకి నష్టం జరగలేదా అంటే, జరిగింది. మేరీ వేషంలో భానుమతి ఎలా ఉండేవారో ఇక ఎప్పటికీ చూడలేం. ఆ లోటు ఆవిడది మాత్రమే కాదు, మనది కూడా. ఎం.జి.ఆర్. మాత్రం పాత తగువు మనసులో పెట్టుకోలేదు. ముఖ్యమంత్రి అయ్యాక 1980లలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల బాధ్యత ఆవిడకే అప్పగించారు.

తెరమీద అంత గంభీరంగా కనిపించే మనిషి కలం పట్టుకుంటే మాత్రం కడుపుబ్బ నవ్వించేవారు. 'అత్తగారి కథలు' చదవనివాళ్లు వెంటనే సంపాదించి చదవండి. మడి, ఆచారం, ఆవకాయ, వీటి మధ్య అమాయకమైన పెత్తనం చేసే అత్తగారిని తెలుగు సాహిత్యంలో ఆవిడ శాశ్వతంగా కూర్చోబెట్టారు. సినిమా కథానాయికల్లో ఇంత చక్కని హాస్య రచయిత్రి ఇంకొకరు లేరు. ఆత్మకథ 'నాలో నేను' కూడా రాశారు. 1966లో పద్మశ్రీ వచ్చింది.

'అంతస్తులు' (1965), 'పల్నాటి యుద్ధం' (1966)లో నాయకురాలు నాగమ్మ, స్వీయ దర్శకత్వంలో 'అంతా మన మంచికే' (1972)... ఇవి దాటాక వచ్చింది 'మంగమ్మగారి మనవడు' (1984). మల్లీశ్వరికి బావ అయిన రామారావుగారి అబ్బాయి బాలకృష్ణ ఇందులో మనవడు! కోడి రామకృష్ణ తీసిన ఈ చిత్రం బాలకృష్ణకి పెద్ద మలుపు. థియేటర్లో మంగమ్మ మాట విసిరితే ఈలలు పడ్డాయి. బామ్మ వేషానికి అరువు గొంతు చాలు అనుకున్నారా? అందులోనూ తన పాట తానే పాడారు, వాణీ జయరాంతో కలిసి.

'పెళ్లికానుక' (1998) ఆవిడ ఆఖరి చిత్రం. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

పాత సినిమాలంటే మొహం చిట్లించే మిత్రులు ముందు 'మంగమ్మగారి మనవడు'తో మొదలుపెట్టి, అదే రాత్రి 'మల్లీశ్వరి' చూడండి. రెంటికీ మధ్య ముప్ఫై మూడేళ్లు. 'స్వర్గసీమ' దొరికితే పావురం పాట ఒక్కటైనా చూడండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ నవ్వు దగ్గర సౌండు కాస్త పెంచి.