ఫోక్ సాంగ్ ఫార్ములా: ఆర్మూర్ స్టూడెంట్స్ ఫోన్‌తో తీసే పాటల్లో ఏ షాట్ ఎందుకు ఉంటుంది?

యూట్యూబ్‌లో ఏదైనా తెలంగాణ ఫోక్ సాంగ్ ఓపెన్ చేసి సౌండ్ మ్యూట్ చేయండి. పది సెకన్లు చాలు, అది ఫోక్ సాంగ్ అని చెప్పేస్తారు. పైనుంచి పొలాల డ్రోన్ షాట్, లంగావోణిలో అమ్మాయి, బుల్లెట్ మీద బావ, వెనక వరసలో డ్యాన్సర్లు. పాట వినకముందే ఏ రకం పాటో తెలిసిపోయింది కదా! దీన్నే జానర్ కన్వెన్షన్ అంటారు. అంటే ఒక రకం వీడియో అనగానే చూసేవాళ్లు ముందే ఎదురుచూసే గుర్తులు.

ఫోన్ కెమెరాలు టెస్ట్ చేయడానికి నేను ఎక్కువగా ఆర్మూర్ చుట్టుపక్కలే తిరుగుతాను. సిద్ధులగుట్ట నల్లరాళ్ల దగ్గరో, అంకాపూర్ దారిలోనో ఫోన్, గింబల్, బ్లూటూత్ స్పీకర్ పట్టుకుని పాట తీస్తున్న కాలేజీ పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల వీడియోలు చూశాక ఒకటి అర్థమైంది. ఈ కన్వెన్షన్లలో సగం అలవాటు వల్ల వచ్చాయి, సగం ఫోన్ కెమెరా పరిమితుల వల్ల నిలబడ్డాయి. ఏది ఎందుకో తెలిస్తే ఏది ఉంచాలో, ఏది మార్చాలో మీకే తెలుస్తుంది.

ఫార్ములా ఎక్కడిది?

అమెరికాలో 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది. ఆ తర్వాత మ్యూజిక్ వీడియోకు ఒక వ్యాకరణం ఏర్పడింది. 1992లో ఆండ్రూ గుడ్విన్ ఒక పుస్తకంలో దాన్ని వివరించాడు. సింపుల్‌గా చెప్పాలంటే: ఒక్కో జానర్‌కు సొంత గుర్తులుంటాయి, సింగర్ క్లోజప్‌లు తప్పనిసరి, మాటకూ బొమ్మకూ మధ్య ఏదో ఒక సంబంధం ఉంటుంది.

మన దగ్గర ఆ పని యూట్యూబ్ చేసింది. 2012లో మొదలైన మై విలేజ్ షో, ఇప్పటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ఉంటూనే ఊరి మాట, ఊరి మనుషులతో లక్షల మందిని చేరొచ్చని చూపించింది. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' సినిమా పాట కాకపోయినా పెళ్లి బరాత్‌ల దాకా వెళ్లింది. ఆర్మూర్ నుంచి 63వ నంబర్ హైవే ఎక్కితే జగిత్యాల ఎంతో దూరం కాదు. మన పిల్లలకు దారి అక్కడే కనిపించింది.

మూడు జానర్లు, మూడు లుక్‌లు

ఫోక్ సాంగ్ అంటే పగటి వెలుగు, ముదురు రంగులు, బావామరదళ్ల ఆటపట్టింపు, ఒకే స్టెప్పును గుంపుగా వేయడం. ఇది ఫోన్‌కు బాగా సరిపోతుంది. చిన్న సెన్సర్‌కు ఎండ కావాలి, ట్రైపాడ్ మీద పెట్టిన వైడ్ ఫ్రేమ్‌లో గుంపు డ్యాన్స్ చక్కగా వస్తుంది. ఆ స్టెప్పునే నిలువుగా కట్ చేస్తే రీల్ కూడా రెడీ.

లవ్ ఫెయిల్యూర్ సాంగ్ అంటే రాత్రి, వాన, నీలం రంగు గ్రేడింగ్, ఒంటరిగా నడక. ఇక్కడ ఫోన్‌కు కష్టం మొదలవుతుంది. చీకట్లో ఐఎస్ఓ పెరిగి బొమ్మ గరుకుగా మారుతుంది. చాలామంది ఫోన్‌ను తిడతారు. నన్నడిగితే పొద్దు కుంకిన తర్వాత వచ్చే పదిహేను, ఇరవై నిమిషాల నీలి వెలుగులో తీయండి. వైట్ బ్యాలెన్స్ కొంచెం చల్లగా పెడితే రాత్రిలాగే ఉంటుంది, గరుకు రాదు.

ఈ జానర్‌లో ఒక పాత కన్వెన్షన్ ఉంది, రైలు పట్టాల మీద నడక. ఆర్మూర్‌లో స్టేషన్ ఉంది, పట్టాలూ ఉన్నాయి. దయచేసి అది వదిలేయండి. రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతకంటే ముఖ్యంగా, చెవిలో పాట మోగుతుంటే వెనకొచ్చే రైలు వినపడదు.

ర్యాప్‌లో వైడ్ లెన్స్‌ను కిందినుంచి ముఖం దగ్గరగా పెడతారు. చేతులు పెద్దగా కనిపిస్తాయి, మనిషి ఎత్తుగా కనిపిస్తాడు. చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ లెన్స్ క్వాలిటీ మెయిన్ లెన్స్ కంటే తక్కువ. కాబట్టి ఈ షాట్ పగలే తీసుకోండి.

స్లో మోషన్‌లో పెదాలు ఎలా కలుస్తాయి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జుట్టు, ఓణి నెమ్మదిగా ఎగురుతుంటాయి, పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. ట్రిక్ ఏంటంటే, షూటింగ్‌లో పాటను స్పీడ్‌గా ప్లే చేస్తారు.

లెక్క చూడండి. ఫైనల్ వీడియో సెకనుకు 30 ఫ్రేములు, మీరు 60 ఫ్రేములతో తీశారు. ఎడిటింగ్‌లో వేగం సగమవుతుంది. కాబట్టి సెట్‌లో పాట 2 రెట్లు వేగంగా మోగాలి. ఫైనల్ వీడియో 24 ఫ్రేములైతే 2.5 రెట్లు. నాలుగు నిమిషాల పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది, పాడేవాళ్లు ఉరుకులాడాలి. 1983లో ద పోలీస్ బ్యాండ్ 'ర్యాప్డ్ అరౌండ్ యువర్ ఫింగర్' వీడియోకు చేసింది కూడా ఇదే.

ఇంకో చిక్కు దూరంతో వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. స్పీకర్ డ్యాన్సర్ దగ్గర పెట్టి, ఫోన్ 34 మీటర్ల దూరంలో ఉంటే ఫోన్‌కు పాట పదో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. అంటే 30 ఫ్రేముల వీడియోలో మూడు ఫ్రేములు. ఫోన్‌లో రికార్డైన సౌండ్‌ను చూసి సింక్ చేస్తే పెదాలు ముందుగా కదులుతాయి. లాంగ్ షాట్లలో ఆ మూడు ఫ్రేములు చేత్తో జరపాల్సిందే.

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తే వచ్చే చారలకు కారణం మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. 60 ఫ్రేములతో తీస్తే 1/100 మాత్రమే కుదురుతుంది.

పసుపు కల్లంలో కెమెరా

మన ఊళ్లలో జనవరి నుంచి పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోస్తారు. ఇంత మంచి లొకేషన్ ఎవరికుంటుంది! కానీ ఆటో వైట్ బ్యాలెన్స్ ఇక్కడ తడబడుతుంది. ఫ్రేమ్ నిండా పసుపు రంగే ఉంటే, వెలుగే పసుపుగా ఉందనుకుని కెమెరా నీలం కలుపుతుంది. పసుపు పాలిపోతుంది, ముఖాలు చచ్చుబడతాయి. కెమెరా కాస్త పక్కకు తిరిగితే రంగు మళ్లీ మారుతుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు దాదాపు 5500 కెల్విన్ దగ్గర లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ ముఖం మీద లాక్ చేయండి. లెన్స్‌ను చొక్కా అంచుతో తుడవొద్దు, ముందు దుమ్ము ఊది తర్వాత మెత్తటి గుడ్డ వాడండి.

ఇక గుడ్విన్ చెప్పిన మాట, బొమ్మ సంబంధం. పాటలో పసుపు అన్నప్పుడు పసుపే చూపిస్తే అది బొమ్మకట్టడం. పెళ్లిలో పసుపు దంచడం చూపిస్తే అర్థం పెంచడం. పెళ్లి పాట నడుస్తుండగా ధర కోసం యార్డులో రాశుల పక్కన ఎదురుచూసే రైతు ముఖం చూపిస్తే? అప్పుడు మాటా బొమ్మా రెండూ ఢీకొంటాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. మద్దతు ధర, పసుపు బోర్డు వాళ్ల డిమాండ్లు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది 2025 జనవరిలో. ఇంత కథ ఉన్న పంటను నేను చూసిన చాలా వీడియోల్లో హీరోయిన్ వెనక రంగుగానే వాడారు. ఈ మూడో రకం షాట్ తీయడానికి కొత్త ఫోన్ అక్కర్లేదు.

పాట ఎవరిది?

అమ్మమ్మలు పాడిన పాటకు కాపీరైట్ ఉండదని అనుకుంటాం. పాత జానపదం వరకు నిజమే కావచ్చు. కానీ ఇంకొకరు దానికి కట్టిన మ్యూజిక్, చేసిన రికార్డింగ్ వాళ్లవే. వాటిని వాడితే కంటెంట్ ఐడీ పట్టుకుంటుంది, యాడ్ డబ్బులు వాళ్లకే వెళ్లొచ్చు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ముందునుంచీ ఆ పాట పాడుతున్న జానపద గాయనికి దక్కాల్సిన గుర్తింపు మీద పెద్ద చర్చే జరిగింది. మీ వీడియో టైటిల్‌లో మొదట మీకు పాట నేర్పిన మనిషి పేరు, వాళ్లను అడిగి, వేయండి. డబ్బులొస్తే వాటా ఎంతో షూటింగ్‌కు ముందే మాట్లాడుకోండి.

తర్వాతి పాటకు ఒక పని చేసి చూడండి. డ్రోన్ షాట్, బుల్లెట్, గుంపు స్టెప్పు అన్నీ ఉంచండి, వాటివల్లే మీ పాట ఏ రకమో జనానికి తెలుస్తుంది. కానీ ఒక్క షాట్ మాత్రం ఆర్మూర్‌లో తప్ప ఇంకెక్కడా తీయలేనిది పెట్టండి. అది ఏదో ఫోన్ స్పెసిఫికేషన్లలో దొరకదు, మీ ఊళ్లో మీరే వెతకాలి.